సోమశిల రోడ్డు మీద మక్కలు

నాగేంద్రమ్మ రోడ్డు మీద ఎండబోసిన మక్కజొన్న గింజలను జేసీబీ గుంతలోకి నెట్టేస్తుంటే రాధమ్మ పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. డ్రైవరు ఆమెను తప్పించుకొని మిగిలినవి కూడా నెట్టేశాడు. నాగేంద్రమ్మ పంటలో సగం మట్టిలో కలిసింది. "శుక్రవారం సార్లొస్తున్నరు. రోడ్డు అద్దం లెక్క ఉండాలె," అన్నాడు కాంట్రాక్టరు జయపాల్, బొలెరో దిగకుండానే.

సార్లంటే అంతర్జాతీయ సైకిల్ పందెం కమిటీ. సైకిళ్లు తొక్కేది తర్వాత, ముందు ఊళ్లు పోటీ పడాలి. పందెం ఎక్కడ పెట్టాలో తేల్చడానికి వాళ్లు మూడు చోట్లు చూస్తున్నారు, అందులో సోమశిల రోడ్డు ఒకటి. ఇక్కడికొస్తే రోడ్డు వెడల్పు పని జయపాల్‌కే. రోడ్డు పక్క కూలీల వాడలో ముప్పై ఒక్క ఇళ్ల మీద, కూల్చాలన్న గుర్తుగా, అప్పుడే ఎర్ర గీతలు పడ్డాయి. రాధమ్మ ఇల్లూ అందులో ఉంది.

ఆ సాయంత్రం వాడలోని చర్చి ముందు జనం కూడారు. నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదివే రాధమ్మ కూతురు శిల్ప, సోమశిల తరఫున కమిటీకి పోయిన దరఖాస్తు నకలు సంపాదించి తెచ్చింది. చోటు ఎట్లా ఎంచుతారో అందులో రాసి ఉంది. ఎత్తుపల్లాల రోడ్డుండాలి, దగ్గర్లో దవాఖాన, హోటళ్లు ఉండాలి, టీవీలో చూపడానికి నది ఉండాలి. అక్కడి జనం ఇష్టంగా ఒప్పుకోవాలి. ఆ చివరి షరతు కింద నలభై ఆరు వేలిముద్రలున్నాయి.

"ఇండ్లు మనమే ఖాళీ చేస్తమని రాసిన్రు," అంది శిల్ప.

ఆ కాగితాలను రాధమ్మ గుర్తుపట్టింది. ఉపాధి హామీ పనిలో కూలీలను నడిపించే మేటు ఆమే. హాజరు మస్టరు పట్టుకొని ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించడం ఆమెకు అలవాటైన పని. పోయిన నెల జయపాల్ రోడ్డు పక్క ముళ్లకంప కొట్టే పని ఉందని కాగితాలిస్తే వాటి మీదా అట్లాగే వేయించింది. ఏముందో చదవమని కన్నకూతురికైనా చూపించలేదు.

"నువ్వే గద రాధక్కా మాతోని ఏపిచ్చింది," అన్నాడు బొంబాయి నుంచి తిరిగొచ్చిన మేస్త్రి ఇమ్మానుయేల్. "ఇప్పుడు పిల్లల్ని తీస్కొని యాడికి పోవాలె?"

"నేనే. తప్పు నాదే," అంది రాధమ్మ. "వాళ్ల ముంగట నేనే చెప్త. ఒక్కదాన్నే చెప్తె పిచ్చిదంటరు. జర మీరు ఎనక ఉండాలె."

"ఉంటే పోలీసోళ్లు ఊకుంటరా?" అన్నారెవరో.

అంతసేపూ గోడ పక్కన నిలబడ్డ నాగేంద్రమ్మ అప్పుడు నోరు విప్పింది. ఆమె ఊరి రైతు. ఈ వాడలో అడుగుపెట్టడం అదే మొదలు. "మాకు కల్లాలు యాడున్నయి? ఆ రోడ్డే మా కల్లం. ఇయ్యాల మీ ఇండ్లు పోతే రేపు మా మక్కలుంటయా? ఇంక ఇరవై సంచులున్నయి నా కాడ. శుక్రారం ఆడనే పోస్త."

శుక్రవారం పొద్దున ఊళ్లో రైతులందరూ పోసిన మక్కలు మైలు పొడవునా పరుచుకున్నాయి. రైతులూ కూలీలూ బారులు తీరి పాదాలతో వాటిని తిరగేస్తున్నారు. కమిటీ కార్లు ఆగాయి. "స్వాగతం చెప్పనీకి వచ్చిన్రు సార్," అని జయపాల్ నవ్వబోయాడు.

రాధమ్మ ముందుకు నడిచింది. "గా ఏలిముద్రలు నేను ఏపిచ్చిన. పని అనుకొని ఏపిచ్చిన. ఆ కాయితంల ఏమున్నదో ఒక్కరికి తెల్వదు. మేం ఒప్పుకోలే."

శిల్ప ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పింది. కమిటీలోని ఆడమనిషి ఎర్ర గీతలున్న ఇళ్ల వైపు చూసి, ఏదో రాసుకొని కారెక్కింది.

"రోడ్డు బంద్ చేసిన్రు. లీడరెవరు?" అన్నాడు కమిటీ కార్ల వెంట జీపులో వచ్చిన ఎస్సై.

"నేనే," అంది రాధమ్మ. ఆమెను జీపెక్కించారు. అడగకుండానే ఇమ్మానుయేల్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "నన్ను గూడ రాస్కో సారూ," అని నాగేంద్రమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని ఎక్కింది. తర్వాత జీపులో చోటు లేదు.

పందెం ఏ ఊరికి దక్కేదీ తేలలేదు. ఇళ్ల మీది గీతలు చెరగలేదు. కానీ చోటు దొరకని మూడు వందల మంది జీపు చుట్టూ కమ్ముకొని కొల్లాపూర్ స్టేషను దాకా నడిచారు. కమిటీ కార్లు ఎంత హారన్ కొట్టినా వాళ్ల వెనకే, వాళ్ల నడకతోనే రావలసి వచ్చింది.