చివరి తొమ్మిది ఇళ్ళు

“తల దించుకుని నడిస్తే ఎవడేమంటాడు?” అన్నాడు భర్త, ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపుతూ.

చొక్కా ఇస్త్రీ చేసింది ఆమే. పొయ్యి మీద పాలు పొంగకుండా కాపు కాస్తున్నదీ ఆమే, ఆయన భోజనం డబ్బాకి మూత బిగిస్తున్నదీ ఆమే. పని చేసుకుంటూ జవాబు చెబితే ఎదురు తిరిగిందంటాడు, పని ఆపి చెబితే ఆలస్యమైందంటాడు. అందుకని డబ్బా తీసి చేతికిచ్చింది.

ఆమెది కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం. రోజుకి నూట యాభై ఇళ్ళు, అన్నీ నడకే. మీటరుని ఎవడూ నేల మీద పెట్టడు కదా! గుమ్మం పక్కన, మనిషెత్తు దాటి, బూజుల మధ్య బిగిస్తారు. మునివేళ్ళ మీద లేచి, మెడ ఎత్తి, ఒక చేత్తో టార్చి పైకి పట్టుకుంటే తప్ప అంకె కనపడదు. తల ఎత్తితే మర్యాద లేదంటారు ఇంట్లో, తల దించితే జీతం లేదంటారు ఆఫీసులో. ఇద్దరి మాటా వినే మెడ ఏ దేవుడూ ఇంతవరకు తయారు చెయ్యలేదు.

“ఆ కాగితం మీద సంతకం గీకి పడెయ్. ఈ గొడవంతా నలుగురిలో చెప్పుకుంటే నా పరువేం కావాలి?” అన్నాడు చెప్పులు వేసుకుంటూ. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి నవ్వాడు కూడా. “చివరికి నువ్వూ తాళాలమ్మవయ్యావన్నమాట!”

కాగితం ఆమె సంచిలోనే ఉంది. ఆఫీసువాళ్ళే టైపు చేయించి ఇచ్చారు. ‘నా బద్ధకం వల్ల చివరి తొమ్మిది ఇళ్ళకు వెళ్ళకుండానే ఏడు నెలలు ఇంటికి తాళం వేసి ఉందని రాశాను. క్షమించగలరు.’ పదకొండింటికల్లా సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుంది.

బద్ధకమట! ఎండలో అరికాళ్ళు బొబ్బలెక్కి, రెండు నెలలకో చెప్పుల జత అరగదీసే మనిషికి బద్ధకమట!

ఆ సందు మోటారు సైకిళ్ళ షెడ్డు దాకా బాగానే ఉంటుంది. షెడ్డు దాటాక, ఆ చివరి తొమ్మిది ఇళ్ళ దగ్గర సన్నబడుతుంది. అక్కడ పిట్టగోడ మీద ఐదుగురు కూర్చుంటారు. “మేడం, మా మీటరు కూడా చూసిపోండి, గిర్రున తిరుగుతోంది” అంటాడొకడు. మిగతా నలుగురూ అప్పుడే మొదటిసారి విన్నట్టు విరగబడి నవ్వుతారు. నెలనెలా అదే మాట, అదే నవ్వు. వెధవలకి కొత్త మాట వెతుక్కునే ఓపిక కూడా లేదు. తర్వాత ఈల. ఆ తర్వాత ఆమె అడుగులో అడుగు వేస్తూ వెనకాలే ఒకడు. ఆమె ఆగితే ఆగుతాడు, కదిలితే కదులుతాడు. సూపర్వైజరుకి చెప్పింది. “కుర్రాళ్ళు సరదాకి అంటారమ్మా. చెవిలో దూది పెట్టుకో” అన్నాడు. ఆ కుర్రాళ్ళలో ఇద్దరికి బట్టతల.

ఒకరోజు ఏడో ఇంటి దగ్గర రెండు చేతులూ పైకెత్తి అంకె చూస్తుంటే, వెనకనుంచి నడుం మీద ఒక చెయ్యి పడింది. పడి, నొక్కి, పోయింది. టార్చి జారి కిందపడింది. తిరిగి చూస్తే ఐదుగురూ ఆకాశంలోకి చూస్తున్నారు. మీటరు పక్కనున్న ఏడో ఇంటి కిటికీని మాత్రం మూడు ఉంగరాల చెయ్యొకటి మెల్లగా లోపలికి లాగి మూసేసింది. అంకె తప్పు రాసింది. కొట్టేసి మళ్ళీ రాసింది, మళ్ళీ తప్పే. మూడోసారికి సరిగ్గా పడింది. ఇంటికెళ్ళి చర్మం మండేదాకా నడుం రుద్దుకుంది. ‘స్నానానికి ఇంతసేపా’ అని బయటనుంచి తలుపు తట్టాడు మొగుడు.

మరుసటి నెలనుంచి షెడ్డు దగ్గరే ఆగి, తొమ్మిది గడుల్లో తొమ్మిదిసార్లు ‘తాళం’ అని రాసి వెనక్కి వచ్చేది.

ఆ పేజీలు జత చెయ్యాలన్నారు కాబట్టి తొమ్మిదిన్నరకే రికార్డు గదికి వెళ్ళింది. అక్కడి గుమాస్తాని అందరూ తాత అంటారు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని కళ్ళజోడు వెతుక్కునే రకం. ఆ సందు పుస్తకం అడిగితే ఆయన ఐదేళ్ళ కిందటిది తీసి చేతిలో పెట్టాడు. తిరిగి ఇచ్చేయబోతూ ఆగిపోయింది.

చివరి తొమ్మిది ఇళ్ళు. తాళం, తాళం, తాళం. సన్నటి గుండ్రటి రాత.

“ఎవరి రాత తాతా ఇది?”

“ఇంకెవరిది, మీ తాళాలమ్మది! ఇళ్ళకి పోకుండా తాళాలు రాసిందని తీసేశారుగా. దాని బద్ధకం దాన్నే తినేసింది.”

అంతకుముందు ఏళ్ళ పుస్తకాలు దించింది. తాళాలమ్మకి ముందు ఆ సందులో మగవాడు రీడింగు తీసిన ఆరేళ్ళలో ఆ తొమ్మిది ఇళ్ళకి ఒక్క తాళమూ లేదు. మళ్ళీ తాళాలమ్మ పుస్తకానికొచ్చి, తాళాలు మొదలైన నెలకి ముందు నెల తిప్పింది. ఏడో ఇల్లు. అంకె కొట్టేసి ఉంది. మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి ఉంది. మూడోసారికి సరిగ్గా పడింది.

ఆమె తన పుస్తకం అడిగి తీసుకుని దాని పక్కన తెరిచి పెట్టింది.

ఉద్యోగంలో చేరిన మూడో రోజు ఎవరో పని ఆలస్యం చేస్తే, “ఏంటీ, తాళాలమ్మ పూనిందా?” అన్నాడు సూపర్వైజరు. ఎవరామె అని తను అడిగి, విని, చేతిలో టీ ఒలికేలా నవ్వింది. ఇంటికొచ్చి మొగుడికి చెప్పి మళ్ళీ నవ్వింది. ఆయన పొద్దున గుమ్మంలో అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? ఆమె మోసుకొచ్చిందే. ఐదుగురు నవ్వితే ఒళ్ళు కంపరమెత్తింది. తాళాలమ్మ పేరు చెప్పుకుని నవ్వినవాళ్ళలో తను ఎన్నో మనిషో!

పదకొండింటికి సూపర్వైజరు గదిలో ఏడో ఇంటి పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఫిర్యాదు రాసింది ఆయనే.

“మా ఇంటికి ఏనాడూ తాళం పడలేదండీ. ఈవిడే రాదు” అన్నాడు చెయ్యి తిప్పుతూ. మూడు ఉంగరాలు.

“వచ్చాను. ఆఖరిసారి వచ్చినప్పుడు మీరు కిటికీ మూశారు” అంది ఆమె.

ఆ చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది.

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?” అన్నాడు సూపర్వైజరు. “ఒక్క సంతకం. ఉద్యోగం నిలబడుతుంది. ఆ లైను మగవాడికిచ్చేస్తా, పీడా పోతుంది.”

ఆమె మూడు పుస్తకాలూ ఆయన ముందు తెరిచి పెట్టింది. మగవాడి పుస్తకం. తాళాలమ్మ పుస్తకం. తన పుస్తకం. కొట్టేసిన అంకెల మీద వేలు పెట్టింది, ఇక్కడా, అక్కడా. ఆయన చూశాడు. చూసి గబుక్కున కళ్ళు తిప్పుకుని, టైపు చేసిన కాగితాన్ని ముందుకి తోశాడు. “సంతకం పెట్టు.”

“మగవాడికి ఇవ్వక్కర్లేదు సార్, ఆ లైను నాదే. రేపు మీరూ వెంట రండి, తొమ్మిది ఇళ్ళూ చూద్దాం. ఇక ఈ కాగితమంటారా...” ఆమె దాన్ని తిప్పి, తెల్లగా ఉన్న వైపు ఆయన ముందు పెట్టింది. పక్కనే పెన్ను పెట్టింది. “తాళాలమ్మ అసలు పేరు, చిరునామా రాసివ్వండి.”

“ఆవిడెందుకిప్పుడు?”

“క్షమాపణ చెప్పాల్సింది ఆవిడకి. ముందు నేను చెప్తాను. నా వెనకాల మీరు.”