నాయుడి పచ్చబండి

మా బామ్మర్ది హరినాథ్ మంచోడని వడమాలపేటలో ఎవుర్ని అడిగినా చెబుతారు. చెప్పనీ. వాళ్ళక్కకు ఏటా చీర తెస్తాడు. నేను ఎదురొస్తే ఈ రోజుకూ బీడీ వెనక్కి దాస్తాడు. అట్లాంటోడి మీద చాడీ చెబితే చెప్పినోడే చెడ్డోడవుతాడు. అయినా చెబుతా. నా బండి రోడ్డు ఎక్కకుండా పోయిందంటే వాడి వల్ల. మా నాయన పొలంలో ఈరోజు ఎవుడెవుడో పునాదులు తవ్వుకుంటా ఉండారంటే అదీ వాడి వల్లే.

పూతలపట్టు కూడలిలో మా నాయన మునెయ్యకు పంచర్ల అంగడి ఉండేది. నేను ఏడో తరగతితో బడి మానేసి ఆయన పక్కన కూర్చున్నా. డెబ్బై మూడులో, నాకు పద్దెనిమిది నడిచేటప్పుడు, ఆ బండి మా అంగడి ముందర ఆగింది. ముదురాకు పచ్చ. పైకప్పు లేదు. సీట్లు రెండే. చక్రాలకు సైకిలుకున్నట్టు పుల్లలు. ముందు భాగం ఎంత పొడుగంటే, ఇంజను చిత్తూరు చేరినా తోలే మనిషి ఇంకా పూతలపట్టులోనే ఉంటాడేమో అనిపించింది. దాన్ని ఎంజీ అంటారని, టీ తోటలు చూసుకునే దొర ఒకడు ఇంగ్లండుకు పోతా పోతా అమ్మేసి పోయినాడని తర్వాత తెలిసింది. కొనుక్కున్నది జయరామనాయుడు. చిత్తూరులో బెల్లం మండీ ఆయనది, ఊరి బయట మామిడితోపులు కూడా ఆయనవే.

ట్యూబుకు అతుకేసి చక్రం బిగించబోతే, "చేతులు కడుక్కోప్పా ముందు," అన్నాడు నాయుడు.

కడుక్కున్నా.

"సబ్బుతో," అన్నాడు.

నాకు కోపం రాలేదు. అది నాదయి ఉంటే నేనూ అదే మాట అనుండేవాణ్ణి. ఆ తర్వాత ఇరవై రెండేండ్లు, రోడ్డు మీద ఆ బండి శబ్దం వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి బయటికి వచ్చి నిలబడేవాణ్ణి. తిరుపతిలో రేణిగుంట రోడ్డులో సొంతంగా టైర్ల అంగడి పెట్టినాక కూడా, చిత్తూరు పోయినప్పుడల్లా ఆ మండీ ముందర్నుంచే పోయేవాణ్ణి, అది కనపడతాదేమో అని.

తొంభై అయిదులో నాయుడు పోయినాడు. ఏడాది తద్దినం అయిందాకా ఆగి ఆయన భార్య పంకజాక్షమ్మ దగ్గరికి పోయినా. ఆమె బెల్లం కొట్టంలోకి తీసుకొనిపోయి చూపించింది. చక్రాల్లో గాలి లేదు. పచ్చరంగు పొక్కులు లేసి ఊడిపోతా ఉంది. తోలే సీట్లో కోడి పొదిగింది.

"ఏం చేసుకుంటావప్పా దీన్ని? ఎద్దులబండైనా గడ్డి తోలుకోను పనికొస్తాది," అనింది ఆమె.

"తోలుకుంటానమ్మా."

"ఆయనా అట్లే అనేవాడు. నన్ను ఎక్కించుకున్నది మూడుసార్లు. మూడుసార్లూ దోవలో నిలబడిపోయింది. ఒకసారి కాణిపాకం నుంచి నడిచొచ్చినా." కోడిని అదిలించి గుడ్లు కొంగులో వేసుకునింది. "లక్షా నలభై. ఆయన బతికుంటే పది లక్షలకైనా ఇయ్యడు."

నా దగ్గర అంత లేదు. ఉన్నది వడమాలపేటలో మా నాయన పంచర్లు అతికిన డబ్బుతో కొన్న పొలం. బావి ఉండాది, శెనక్కాయ పండుతాది. దాన్ని అమ్మేద్దామనుకున్నా.

నా భార్య ప్రసన్నకుమారి ఒకటే మాట అడిగింది. "ఏమయ్యా, సీట్లు రెండంటావు. మనం నలుగురం. ఎవుర్ని ఎక్కించుకుంటావు?"

"వంతులేసుకుందాం," అన్నా.

"అట్లయితే బస్సుకేం తక్కువ," అనేసి లోపలికి పోయింది.

అప్పుడు వచ్చినాడు హరినాథ్. వాడు చిత్తూరులో బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట బల్ల వేసుకొని ఫారాలు నింపే ఏజెంటు. "బయటోళ్ళకి పోవడమెందుకు బావా, నేనే తీసుకుంటా. అక్క పొలం నా దగ్గరుంటే మీ దగ్గర ఉన్నట్టే," అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో. నేను అడిగినంతా ఇచ్చినాడు, ఒక్క రూపాయి బేరం చెయ్యలేదు. బేరం చెయ్యనోణ్ణి నమ్మకూడదని మా నాయన చెప్పేవాడు. నాకు ఆ పొద్దు గుర్తుకు రాలేదు.

బండి కొన్న వారానికి మళ్ళీ వచ్చినాడు. "బావా, నాయుడి పేరు మీదుండే రిజిస్ట్రేషన్ పుస్తకం తొంభై ఒకటిలోనే గడువు దాటిపోయింది. తాడేసి ఈడ్చుకొనైనా బండి తీసుకొనిరా. బ్రేకినస్పెక్టరుకు చూపించి ముందు పేరు మార్పిచ్చుకుందాం. సోకులు తర్వాత."

ఎట్ల పోయేది? కోడిరెట్టలు పడిన బండిని ట్రాక్టరుకు కట్టి చిత్తూరు బజారులో నలుగురి ముందర ఈడ్చుకొని పోవాల్నా? నాయుడు దాన్ని ఆ బజారులోనే తోలినాడు. "దాని కాళ్ళ మీద అది నడిచొస్తాది. అప్పుడు చూపిస్తా," అన్నా. వాడు ఇంకొకసారి చెప్పాల గదా. గట్టిగా చెప్పాల. చెప్పలేదు. "నీ ఇష్టం బావా," అనేసి కాఫీ తాగి పోయినాడు.

అయిదేండ్లు పట్టింది. రేణిగుంటలో టింకరింగ్ షెడ్డు పెట్టుకున్న సమీవుల్లాకు అప్పజెప్పినా. రేకు పని చేసేవాళ్ళలో వాడి చెయ్యి లాంటి చెయ్యి తిరుపతిలో లేదు. బండి లోపలి ఎముకలన్నీ చెక్కవి. చెదలు తినేసి ఉన్నాయి. ఒక్కొక్కటి అట్టముక్క మీద గీసుకొని వేపచెక్కతో చేయించినా. సామాన్లకు మద్రాసు పుదుపేటకు ఎన్నిసార్లు తిరిగినానో లెక్కలేదు. ఒక లైటు అద్దం కోసం ఏడాది తిరిగినా. చక్రాల పుల్లలు ఒక్కొక్కటీ విప్పి, కిరసనాయిలులో నానబెట్టి, నేనే బిగించినా. చేతులు సబ్బుతో కడుక్కొనే బిగించినా. మా పెద్దమ్మాయి పెద్ద పరీక్షలు రాసిన ఏడాది నేను ఇంట్లో ఉన్న ఆదివారాలు చేతివేళ్ళతో లెక్కపెట్టొచ్చు.

అడుగున పొడుగ్గా పోయే రెండు ఇనప కమ్మీలు ఉంటాయి. బండి మొత్తం వాటి మీదనే నిలబడుతుంది. చాసీ అంటాము. దాని ముందు కొస తుప్పుకు గుంతలు పడిపోయి ఉండాది. సమీవుల్లా ఆ చోట గుడ్డతో తుడిచి నన్ను పిలిచినాడు.

"ఏకాంబరమన్నా, ఈడ నంబరు కొట్టి ఉండాది సూడు. దీన్ని వదిలేస్తా."

"వదిలేస్తే ఆ గుంతల్లో మళ్ళీ తుప్పు పడతాది. ఆ చోటే అందరికీ కనపడేది. నున్నగా రావాల."

"నంబరు పోతాదన్నా."

"నంబరు పుస్తకంలో ఉండాది గదా."

"పుస్తకం పుస్తకమే, ఇనుము ఇనుమే."

"నువ్వు టింకరింగ్ చెయ్యి సామీ, బ్రేకినస్పెక్టరు పని చెయ్యొద్దు."

వాడు నా మొహం చూసి, గ్రైండరు ఆన్ చేసినాడు. సీసం పోసి గుంతలు పూడ్చినాడు. ఆఖర్న వాటర్ పేపరు పెట్టి రుద్దింది నేనే. రెండు రోజులు రుద్దినా. రంగు వేసినాక వంగి చూస్తే నా మీసంలో తెల్లవెంట్రుకలు కనపడినాయి.

రెండు వేల ఒకటి, మార్చి. తెల్లారి ఆరు గంటలకు తిరుపతిలో బయలుదేరినా. పక్క సీట్లో ఎవురూ లేరు. ప్రసన్న రానంది. చంద్రగిరి దాటినాక రోడ్డు ఖాళీ. కాలు కొంచెం నొక్కినా. గాలి చెవుల్లో దూరి తల ఖాళీ అయిపోయింది. అప్పులు, అంగడి, మా ఇంట్లో మాటలు, ఏవీ లేవు. మామిడి పూత వాసన ఒకటే. పూతలపట్టు కూడలిలో టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకొని లేసి నిలబడినారు. ఒక ముసలాయన "నాయుడు వచ్చినాడ్రా" అన్నాడు. ఆ గంటన్నర కోసం ఏం పోయినా ఫరవాలేదనుకున్నా. నిజంగానే అనుకున్నా. అబద్ధం చెప్పను.

ఆఫీసు ముందర జనం మూగినారు. బ్రేకినస్పెక్టరు పెద్దమనిషి, కండ్లద్దాలాయన. చుట్టూ తిరిగి చూసి, "బాగా చేసినావప్పా, బొమ్మ మాదిరి ఉండాది," అన్నాడు. లైట్లు చూసినాడు, బ్రేకు చూసినాడు. ఇంజను నంబరు పుస్తకంతో కలిసింది. తర్వాత జేబులోంచి తెల్లకాయితం, పెన్సిలు తీసి చాసీ కొస దగ్గర వంగినాడు. నంబరు మీద కాయితం పరిచి పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. ఆ కాయితం ఫారానికి అంటిస్తారు. అదీ వాళ్ళ పద్ధతి.

రుద్దినాడు. ఏమీ తేల్లేదు. ఇంకో కాయితం తీసి ఇంకో పక్క రుద్దినాడు. కాయితం అంతా ఒకటే నలుపు, నా జాగ్రత్త మాదిరి నున్నగా.

"నంబరేదప్పా?"

"తుప్పు పట్టింటే రుద్దిచ్చినా సార్. పుస్తకంలో ఉండాది."

"పుస్తకంలో ఉండేది ఏదో ఒక బండి నంబరు. అది ఈ బండే అని ఎట్ల చెప్పేది?"

"ఇంజను నంబరు కలిసింది గదా సార్."

"ఇంజను దాంట్లోంచి తీసి దీంట్లో పెట్టుకోవచ్చు. నంబరు చెరిపిన బండి వస్తే మేము దొంగబండి అనే అనుకోవాల. నిన్ను చూస్తే అట్ల అనిపించలేదు కాబట్టి పంపిస్తా ఉండా. మొదట కొన్న కాయితాలుంటే తీసుకొనిరా. అందాకా రోడ్డు మీద తోలొద్దు."

ఆయన్ను అనేదానికి లేదు. హరినాథ్ పక్కనే నిలబడి ఉన్నాడు. రోజుకు నూరు బండ్లకు మాట్లాడే నోరు, ఆ పొద్దు పెగల్లేదు.

పంకజాక్షమ్మను అడిగితే, "దొరకు నాయుడు డబ్బు చేతికిచ్చినాడు, నాయుడికి దొర తాళమిచ్చినాడు. కాయితం యాడిది?" అనింది.

ఇంక ఒకటే దోవ. హరినాథ్‌ను టీ అంగడిలో కూర్చోబెట్టి అడిగినా. "లారీలోళ్ళకు పంచ్‌లు పెట్టి నంబర్లు కొట్టించినావు. నాకు తెలుసు. నాకూ ఒకటి కొట్టించు."

వాడు గ్లాసు కిందపెట్టినాడు. "లారీలంటే వెయ్యి ఉండాయి బావా, వాటిల్లో కలిసిపోతాది. ఇట్లాంటి బండి జిల్లాలో ఒకటే. పోయిన చోటల్లా వంగి చూస్తారు. కొత్త పంచ్ ఇట్టే కనపడతాది. ఇద్దరం జైల్లో ఉంటాం. అక్కకు నేనేం చెప్పాల?"

"బయటోడికైతే చేస్తావు."

"బయటోడు జైలుకు పోతే నాకేం?"

"అయితే బండి నువ్వే తీసుకో. మా నాయన పొలం తిరిగి ఇచ్చెయ్."

"నంబరు లేని బండి నేనేం చేసుకునేది బావా," అన్నాడు. గొంతు పెంచలేదు. ఎన్నడూ పెంచడు. వాడిలో నాకు గిట్టనిది అదే. టీ డబ్బులు వాడే ఇచ్చినాడు.

బండిని అంగడి వెనక రేకుల షెడ్డులో పెట్టినా. మూడేండ్లు. ప్రతి ఆదివారం తుడిచి, ఇంజను వేసి, నాలుగు గజాలు ముందుకు, నాలుగు గజాలు వెనక్కి. షెడ్డు పొడుగు అంతే. మద్రాసు నుంచి ఒకాయన వచ్చినాడు. పుస్తకం సరిగా ఉంటే ఏడు లక్షలన్నాడు, లేకుంటే విడి సామాన్ల కింద నలభై వేలన్నాడు. పొమ్మన్నా.

రెండు వేల నాలుగులో హరినాథ్ ఇంటికొచ్చినాడు, స్వీట్ల పొట్లంతో. వడమాలపేట పొలాన్ని ప్లాట్లు వేసినాడంట. "మునెయ్య నగర్ అని పెట్టినా బావా. మీ నాయన పేరే." నా భార్య కండ్లు తుడుచుకునింది. వాడు నా పక్కకు జరిగినాడు. "ఆదివారం జనం వస్తారు. నీ బండి ఆడికి తీసుకొనిరా. లారీ నేను పంపిస్తా. లోపల రోడ్లు మనవే, కంకర తోలించినా. ఎవుడూ ఆపడు, ఎంతసేపైనా తోలుకో."

స్వీట్లు మొహాన కొట్టాల్సింది. కొట్టలేదు. ఎంతసేపైనా తోలుకో అన్నాడు గదా. శనివారం పొద్దంతా బండికి పాలిష్ పెట్టినా.

లారీలోంచి పలకల మీద దించినా. షామియానా వేసినారు, రంగు కాయితాల తోరణాలు కట్టినారు. బావి పూడ్చేసినారు, దాని మీద ఆఫీసు టేబులు. తిరుపతి నుంచి గుమాస్తాలు, టీచర్లు, పెండ్లాంపిల్లలతో వచ్చినారు. ప్లాట్లు చూడ్డానికి వచ్చినోళ్ళు బండి చుట్టూ మూగినారు. "ఒక్కొక్కరే, సీటు ఒకటే ఖాళీ," అంటా హరినాథ్ వరస పెట్టించినాడు. ఎక్కినోళ్ళను నేను ఒక చుట్టు తిప్పేవాణ్ణి. దిగేటప్పటికి వాడు రసీదు పుస్తకం పట్టుకొని నిలబడి ఉండేవాడు.

పోస్టాఫీసులో పనిచేసే ఒకాయన నా పక్కన కూర్చొని అడిగినాడు. "డ్రైవరు గారూ, ఈడ నీళ్ళు పడతాయా?"

"తూర్పు పక్క తీసుకో సార్. ముప్పై అడుగుల్లో పడతాయి."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు," అన్నా.

ఆయన తూర్పు పక్కదే తీసుకున్నాడు. సాయంత్రం అయిదు దాకా తిప్పినా. బండి ఒక్కసారి కూడా నిలబడిపోలేదు. నేలను అంకణాల లెక్కన కొలిచి, అంకణం ఇంతని కేకేసి అమ్మినారు, ఒక్క ప్లాటూ మిగల్లేదు. నేను తిప్పిన నేల బావితో, గట్లతో కలిపి మా నాయన దస్తావేజులో ఉన్నట్టే రెండెకరాల పద్నాలుగు సెంట్లు.