కాన్పుల ఆసుపత్రి మూతకి అడ్డునిలిచిన ఓటు

బట్టలు కుట్టి బతికిన ఆవిడ కౌన్సిలర్ అయ్యాక కూడా పేటంతా మిషనక్క అనే పిలిచేది. ఆవిణ్ణి గెలిపించింది చర్చి సంఘంవాళ్లే. అక్కడి పాస్టరు ఆవిడ సొంత అన్నయ్య.

ఒకరోజు ఆ అన్నయ్యే, ఆవిడ పార్టీవాడైన మున్సిపల్ ఛైర్మన్‌ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. సగం కుట్టిన జాకెట్లు పక్కకి జరిపి ఇద్దరికీ కుర్చీలు వేసింది.

"మీ పేటలో కాన్పుల ఆసుపత్రి పాతబడిపోయిందమ్మా," అన్నాడు ఛైర్మన్. "మూసేసి ఆ స్థలంలో షాపులు కట్టిస్తాం. రేపు మీటింగులో నువ్వు చెయ్యెత్తితే చాలు. మీ చర్చి పక్కనున్న ఖాళీ జాగా సంఘానికి రాయించే పూచీ నాది."

"మరి కాన్పులకి ఎక్కడికెళ్లాలండీ?"

"ఊరవతల పెద్దాసుపత్రి ఉందిగా!"

"నొప్పులు పడే మనిషి ఊరవతలిదాకా నడుస్తుందా?"

ఛైర్మన్ నవ్వేసి లేచాడు. ఆయన గుమ్మం దాటగానే అన్నయ్య అందుకున్నాడు.

"ఆదివారం మందిరం చాలక సగంమంది ఎండలో నిలబడుతున్నారు చెల్లీ. వెతుక్కుంటూ వచ్చినదాన్ని కాలదన్నుకుంటావా? దేవుడి పని కదా!"

"ప్రభువుని కనబోయే తల్లికి సత్రంలో చోటివ్వలేదని ఏటా క్రిస్మస్‌కి కళ్లనీళ్లతో చెప్పేది నువ్వే. ఇప్పుడు మన పేట తల్లులకి చోటు లేకుండా నన్ను చెయ్యెత్తమంటున్నావు. ఆ జాగాలో మందిరం కడితే నా మోకాళ్లు అక్కడ వంగవన్నయ్యా."

అన్నయ్య మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మీటింగులో ఆవిడ తప్ప పార్టీవాళ్లంతా చేతులెత్తారు. మిషనక్క లేచి నిలబడింది.

"నా చెయ్యి లేవదు. మనలో సగంమంది పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. మనమ్మలు నొప్పులు పడ్డ గదికి తాళం వెయ్యడానికేనా జనం మనల్ని ఇక్కడ కూర్చోబెట్టింది?"

వెనక వరసలో ఎత్తిన రెండు చేతులు మెల్లగా దిగాయి. ఆ మూడు ఓట్లూ తగ్గి తీర్మానం వీగిపోయింది.

పార్టీ ఆవిణ్ణి గెంటేసింది. తర్వాతి ఎన్నికల్లో ఒంటరిగా నిలబడి ఓడిపోయింది. నోటికాడి కూడు తన్నిందని సంఘంలో కొందరు పలకరించడం మానేశారు. అన్నయ్య మాత్రం ఓ ఆదివారం ప్రసంగం మధ్యలో ఆగిపోయి, "జాగా పోయినందుకు నాకు కోపమొచ్చింది. ఆసుపత్రి పోతుందంటే రాలేదు. నా కోసం ప్రార్థన చెయ్యండి," అన్నాడు.

మూత తప్పినా ఆసుపత్రికి డాక్టరమ్మని వెయ్యకుండా ఛైర్మన్ నానుస్తుంటే, మిషనక్క పేట ఆడవాళ్లని వెంటేసుకుని ఆయన గదికి వెళ్లింది.

"పదవి ఊడిందిగా, ఏ హోదాలో వచ్చావ్?" అన్నాడాయన.

"పదవి నాది కాదులెండి, జనానిది. ఇదిగో, వాళ్లనే తీసుకొచ్చాను."

డాక్టరమ్మని వేసేదాకా ఆ గది ముందు వరండాలోంచి ఒక్కరూ కదల్లేదు.