మీరింకా గెలవలేదు

ముందే చెప్పేస్తున్నాను, నా రాతలో ఒత్తులు తప్పుతాయి. దీర్ఘం పెట్టాల్సిన చోట మరిచిపోయి, అక్కర్లేని చోట పెడుతుంటాను. జుట్టు నెరిశాక అక్షరాలు దిద్దినదాన్ని, చెయ్యి నెమ్మదిగా కదులుతుంది. కాస్త ఓపిక పట్టి, తప్పులు సర్దుకుని చదువుకోండి.

వదిన బస్సులు తయారుచేసే కార్ఖానాలో సీట్లకు తొడుగులు కుట్టేది. మందపాటి రెక్సిన్‌లో సూది దింపీ దింపీ ఆమె చూపుడువేలు కాయ కాచింది. ఇంట్లో అందరికీ ఆమె వదినే. మరిది పొద్దస్తమానం పిలిచే పిలుపు చెవిలో నాటుకుపోయి, కట్టుకున్న మొగుడు కూడా ఒక్కోసారి "వదినా, కాఫీ" అనేసి నాలిక కరుచుకునేవాడు.

సాయంత్రం పని నుంచి రాగానే మొహం కడుక్కుని, కాఫీ గ్లాసు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆమెకి రోల్ ప్లేయింగ్ ఆటలంటే ప్రాణం. ఒక మనిషి వేషంలో దూరి, ఊళ్లు తిరుగుతూ, కనబడ్డవాళ్లను పలకరిస్తూ కథలో ముందుకు పోయే ఆటలవి. వాటి మీద ఆమెకి గట్టి అభిప్రాయాలుండేవి, అడగకపోయినా చెప్పేది. ఎవరితోనైనా రెండుసార్లు మాట్లాడాలి, మొదటిసారి మర్యాదకి మాట్లాడతారు, రెండోసారి అసలు సంగతి చెబుతారు. లోకం మునిగిపోతోంది పరిగెత్తుకు రమ్మని రాజు కబురు పెట్టినా సరే, వీధిలో ఒక ముసలమ్మ పిల్లి తప్పిపోయిందంటే ముందు పిల్లిని వెతకాలి. గాయాలు మాన్పే మందు సీసాలు దొరికితే వాడకుండా దాచుకోవాలి. అలా దాచీ దాచీ, ఆట చివరికి వచ్చేసరికి ఆమె సంచిలో ఒక మందుల దుకాణమే ఉండేది, ఆమె వేషం వేసిన మనిషి మాత్రం కుంటుతూనే ఉండేవాడు.

"ఆ మందేదో కాస్త పొయ్యరాదూ వాడికి, పాపం" అనేవారు అత్తగారు వెనక మంచం మీద నుంచి.

"ముందు ముందు ఇంతకన్నా పెద్ద కష్టం వస్తుందేమో అత్తయ్యా."

"వచ్చేదాకా బతకాలిగా!"

యుద్ధవ్యూహాల ఆటలంటే మాత్రం వదినకి గిట్టదు. "పైనుంచి చూస్తే అన్నీ నడినెత్తులే. ఒక్క ముఖం కనబడదు. పది మందిని పంపడం, తొమ్మిది మంది పోవడం, గెలిచామని బాకా ఊదడం" అనేది.

మరిదికి అవే ఇష్టం. అతను అట్టపెట్టెల మీద అంటించే లేబుళ్ల ప్రెస్సులో కాగితం కోసే మిషను దగ్గర పని చేసేవాడు. "నీ ఆటల్లో కాలం నడవదు వదినా" అనేవాడు. "నువ్వు పిల్లిని వెతుకుతున్నంతసేపూ ఆ రాక్షసుడు గుమ్మంలో నిలబడి ఆవలిస్తూ ఉంటాడు. ఎంత ఆలస్యం చేసినా ఏమీ కాదు. నా ఆటల్లో నువ్వు ఊరుకుంటే అవతలివాడు ఊరుకోడు."

ఈ మాట రాగానే వదిన కాఫీ చల్లారిపోయిందని లేచేది.

మరిది ఆడటమే కాదు, సొంతంగా ఒక ఆట తయారుచేస్తున్నాడు. నదికి ఇటు ఒక కోట, అటు శత్రువు కోట, మధ్యలో దించితే దిగే వంతెన. మన జనాన్ని పెంచుకుని, సైన్యం చేసుకుని, వంతెన దించి అవతలి కోట పట్టుకోవాలి. కంప్యూటర్ ఆటలు తయారుచేయించి అమ్మే కంపెనీ ఒకటి సోమవారం వచ్చి చూపించమంది. ఇక్కడే ఉంది చిక్కు. ప్రెస్సులో అతనికి ఫోర్‌మన్ పని ఇస్తామంటున్నారు. అది ఒప్పుకుంటే సాయంత్రాలూ ఆదివారాలూ మిషన్ల మధ్యే గడిచిపోతాయి. "కంపెనీవాళ్లు వద్దంటే ఈ బొమ్మల గోల కట్టిపెట్టి ఆ పనిలో చేరాలి" అని అన్నగారు మాట తీసుకున్నాడు. మరిది సరేనన్నాడు. ఆట నిలబడుతుందా, అటకెక్కుతుందా అనేది సోమవారం మీద ఆధారపడి ఉంది.

అందుకని వారం ముందు ఆటను వదిన కంప్యూటర్‌లో పెట్టాడు. "ఆడి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. మరిదినని మొహమాటపడకు."

"నీ దగ్గర నాకు మొహమాటమా? నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని."

"నువ్వు కాపురానికొచ్చేసరికి నాకు మీసాలొచ్చాయి వదినా."

"మీసాలున్నా ముక్కు కారేది."

ఆ వారమంతా సాయంత్రాలు వదిన ఆ కోటలోనే ఉంది. వెనక మంచం మీద నుంచి అత్తగారు తెర మీద అక్షరాలు కూడబలుక్కునేవారు. అప్పుడప్పుడే ఆవిడ చదవడం నేర్చుకుంటున్నారు. కోటలో ఒక్కో ఏడాదీ గడిచినప్పుడల్లా తెర మీద ఒకే వాక్యం వచ్చేది. ఆవిడ గుణింతం పట్టుకుని లాగీ లాగీ ఒకరోజు దాన్ని మొత్తంగా చదివేశారు.

"మీ... రిం... కా... గె... ల... వ... లే... దు. మీరింకా గెలవలేదు! ఏమే అమ్మాయ్, నేను ఎవరూ చెప్పకుండా చదివిన మొదటి వాక్యం ఇదా? ఇంతకన్నా మంచి మాట దొరకలేదా వీడికి?"

వదిన పొలమారేదాకా నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మరిది కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "ఎంతదాకా వచ్చావు? అవతలి కోట పట్టుకున్నావా?"

"ఇదిగో చూడు" అంది వదిన కాస్త గర్వంగా.

మరిది చూశాడు. వంతెన ఎత్తినది ఎత్తినట్టే ఉంది. తుప్పు పట్టినట్టు చూపించే రంగు కూడా వచ్చేసింది దానికి. అవతలి కోట చెక్కు చెదరలేదు. ఇవతల కోటలో మాత్రం జనం కిక్కిరిసి ఉన్నారు. ప్రతి తల మీదా ఒక పేరు. దగ్గులమ్మ, చెవిపోగు, మెల్లకన్ను, పరుగుల పిల్ల, గొళ్లెం తాత.

"ఇదేంటి! ఒక్కసారి కూడా వంతెన దించలేదా?"

"దించితే వీళ్లు అటు పోతారుగా."

"పోవాలి! అదే ఆట!"

"నువ్వు పేర్లు పెట్టుకోమన్నావు. పేరు పెట్టాక ఎలా పంపుతాను?"

"ఆ పేరు గడి ఏదో ఊరికే పెట్టాను వదినా, ఎవరో ఒకరు సరదాపడతారని." మరిది తల పట్టుకున్నాడు. "మరి శత్రువు రాలేదా నీ మీదికి?"

"రాలేదు. అందరినీ గోడ మీద నిలబెట్టాను. అటునుంచి చూసి వెళ్లిపోతాడు."

మరిది గోడ మీది తలలు లెక్కపెట్టాడు. గోడ మీద బలం నిండుగా ఉంటే శత్రువు వెనుదిరగాలని రాసింది తనే. కానీ జనాన్నంతా గోడ మీద పెట్టి ఏళ్ల తరబడి కూర్చునే మనిషి ఉంటుందని అతనికి తట్టలేదు. అలాంటిది వదినకే తడుతుంది. పిల్లిని వెతికే మనిషికి.

"నీ ఆటలో నాకు నచ్చిందొకటి చెబుతాను" అంది వదిన. "వీళ్లు ముసలివాళ్లవుతారు. వయసు మీద పడేకొద్దీ బట్టల రంగు వెలిసిపోతుంది చూడు. ఈ గొళ్లెం తాత కుర్రాడిగా ఉన్నప్పుడు ఎర్రచొక్కాలో టకటకా వచ్చి తలుపు తీసేవాడు. ఇప్పుడు చొక్కా తెల్లబడింది. అటునుంచి ఇటు రావడానికి ఎంతసేపు పడుతుందో! నేను వేరే పని చెప్పకుండా ఆయన వచ్చేదాకా ఆగుతాను. నా ఆటల్లో ఇది లేదు. అక్కడ ముసలివాడు మొదటినుంచీ ముసలివాడే, పిల్ల ఎప్పటికీ పిల్లే. కాలం నడవదని నువ్వు ఎత్తిపొడిచేవాడివే, అది నిజం."

మరిది మొహం ముడుచుకుంది. ఆ వయసు సంగతి అతను పెట్టింది జాలి కోసం కాదు. ఆలస్యం చేస్తే సైన్యం నీరసపడుతుంది, త్వరగా యుద్ధానికి పొమ్మని ఆడేవాళ్లను అదిలించడానికి పెట్టాడు. రంగు వెలవడం బలం తగ్గిందని చూపించే గుర్తు, అంతే. కొరడా అనుకుని తను చేతికిచ్చినదాన్ని ఈవిడ జోలపాట చేసుకుంది.

"రేపు కంపెనీవాళ్లకి ఏం చూపించమంటావు? ముసలాయన తలుపు తియ్యడమా?" అన్నాడు కోపంగా. "జరుగు. యుద్ధం ఎంత బాగుంటుందో చూపిస్తాను."

వదిన జరిగింది. మరిది వంతెన దించాడు. నిజంగానే బాగుంది. ఎప్పుడు ఎవరిని ఎటు పంపాలో అతనికి వేళ్ల కొసల్లో ఉంది. విలుకాళ్లను గట్టు మీద నిలిపాడు, బల్లేలవాళ్లను చుట్టూ తిప్పాడు, బలం చాలక గోడ మీదున్న ముసలివాళ్లందరినీ కూడా వంతెన దాటించాడు. అవతలి కోట కూలింది. తెర నిండా పూలు రాలాయి, ‘మీరు గెలిచారు’ అని వచ్చింది.

"చూశావా!"

వదిన ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతున్న చప్పుడు వినిపించింది.

మరిది కోటలోకి తిరిగి వచ్చాడు. మిగిలిన కొద్దిమందీ వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. తలుపు తెరుచుకోలేదు. తియ్యడానికి మనిషి లేడు. మరిది తెరను పైకీ కిందకీ జరిపాడు. గట్టు మీద వెతికాడు, వంతెన కింద వెతికాడు. తన చేత్తో రాసిన ఆటలో, ఒక్కో తలా తప్పించి ఒక వెలిసిన చొక్కా కోసం వెతుకుతున్నాడని అతనికి కాసేపటికి గానీ తెలియలేదు.

వదిన చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "పోనీలే. ఇందాకటి చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టు. దాచిపెట్టి ఉంటుందిగా."

రోల్ ప్లేయింగ్ ఆడేవాళ్లకి అది ఊపిరి లాంటి అలవాటు. అడుగు తీసి అడుగు వేసేముందు ఆటను నాలుగు చోట్ల దాచుకుంటారు.

"లేదు వదినా" అన్నాడు మరిది. "నా ఆటలో దాచుకునే చోటు ఒకటే. చేసిన పని వెనక్కి తీసుకోకూడదని అలా పెట్టాను. గెలవగానే పాతదాని మీద ఈ గెలుపును రాసేసింది."

కోట బయట ఆ కొద్దిమందీ తలుపుకేసి చూస్తూ నిలబడే ఉన్నారు.

"ఇప్పుడే మారుస్తాను. దాచుకునే చోట్లు ఎన్ని కావాలంటే అన్ని పెడతాను" అన్నాడు మరిది.

"వద్దు" అంది వదిన. అన్నాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు తనే ఆశ్చర్యపోయింది. "ఆయన్ని మళ్లీ తెచ్చుకోగలనని తెలిసుంటే ఆయన కోసం అంతసేపు ఆగేదాన్నా? నా సంచిలో సీసాలు చూడు, ఎన్నున్నా ఒక్కటి వాడను. ఎప్పటికైనా ఉంటాయిగా అని. నీ కోటలో అలా కుదరలేదు. అందుకే..." తెర మీద మూసి ఉన్న తలుపుని వేలితో చూపించింది.

మంచం మీద నుంచి అత్తగారు కదిలారు. "పోయినవాళ్లని పోనియ్యిరా చిన్నోడా. తలుపు తియ్యడానికి ఇంకొకర్ని పెట్టు, పాపం వాళ్లు బయటే ఉన్నారు."

మరిది తల ఊపాడు. కుర్చీ ముందుకు లాక్కుని అడిగాడు, "మరి యుద్ధం తీసేయనా?"

"తియ్యకు" అంది వదిన. "అవతల వాడుండాలి. వాడు లేకపోతే నేను వీళ్లను రోజూ గోడ మీద లెక్కచూసుకునేదాన్ని కాదు. వెళ్లేవాళ్లు వెళ్తారు. కానీ వెళ్లనివాళ్లని వెక్కిరించకు. నా జనం ఏడాదంతా చల్లగా బతికితే, చివర్న వచ్చి ‘మీరింకా గెలవలేదు’ అంటావా? ఒళ్లు మండిపోయిందనుకో."

"నాకూ మండింది" అన్నారు అత్తగారు.

మరిది ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. ఏం మార్చావని అడిగితే చెప్పలేదు.

సోమవారం వదిన కార్ఖానాలో ఒక బస్సుకి చివరి వరస సీట్లు కుడుతూ రెండుసార్లు దారం తెంపింది. ఇంటికొచ్చేసరికి మరిది చొక్కా కూడా విప్పకుండా బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అన్నగారు ఎదురుగా ఉన్నాడు, తీర్పు వినడానికి వచ్చిన పెద్దమనిషిలా.

"చెప్పరా, నానబెట్టకు."

"కంపెనీలో ఒకావిడ చూసింది. కాసేపు యుద్ధం ఆడింది. ఇలాంటివి మా దగ్గర బోలెడున్నాయి అంది. అప్పుడు చెప్పాను, ఒక ఏడాది వంతెన దించకుండా ఆడండి, పేర్లు పెట్టుకోండి అని. ఒక ఏడాది అన్నాను గానీ ఆవిడ లేవలేదు. పక్కవాళ్లు భోజనానికి పిలిస్తే చేత్తో విదిలించింది. ఒక ముసలాయనకి ఎవరిదో పేరు పెట్టింది. ఎవరని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు."

"అయితే?"

"అవతలి కోట తీసెయ్యమంది, శాంతంగా ఉంటుందని. కుదరదన్నాను."

"కుదరదన్నావా! ఇచ్చేవాళ్లతోనా!" అన్నగారు లేచి నిలబడ్డాడు.

"వదిన చెప్పింది చెప్పాను. అవతల వాడుండాలి, లేకపోతే వీళ్లను ఎవరూ చూసుకోరు అని. ఆవిడ కాసేపు ఆలోచించి, సరే, పూర్తి చేసి తెండి, అప్పటిదాకా మీ జీతం మేమిస్తాం అంది." మరిది వదినకేసి చూశాడు. "ఇంకోటి కూడా అంది. వచ్చేటప్పుడు ఆ వదినగారిని వెంటబెట్టుకు రమ్మంది."

"నాకూ జీతమిస్తారటా?" అంది వదిన.

"కాఫీ ఇస్తారట."

"అదైతే ఇంట్లోనే ఉంది" అంటూ వంటింటికి పోబోయి, మళ్లీ వెనక్కి వచ్చి కంప్యూటర్ పెట్టింది.

కొత్త కోట తెరుచుకుంది. ఎవరికీ పేర్లు లేవు. తలుపు దగ్గర ఎర్రచొక్కా కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. వదిన చెయ్యి పేరు గడి మీదికి వెళ్లి ఆగింది. ఏం పెట్టాలో తోచలేదు. అత్తగారు మంచం దిగి వచ్చి, ఒక్క వేలితో అక్షరం వెనక అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టారు. ‘కొత్తాయన’.

వదిన ఏడాది గడిపింది. వంతెన దించలేదు. కొత్తాయన టకటకా వచ్చి తలుపు తీశాడు, టకటకా వెళ్లి వేశాడు. తెర మీద పాత వాక్యం వచ్చే చోట అక్షరాలు కనబడ్డాయి. మరిది చదవబోతే వదిన వారించింది. అత్తగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఈ... యే... డా... ది... అం... ద... రూ..." అక్కడ కాసేపు ఆగి, మిగతాది ఒక్క గుక్కలో చదివేశారు. "ఈ యేడాది అందరూ ఇంట్లోనే ఉన్నారు."

ఇట్లు,
బొత్తాల అత్తమ్మ (చొక్కాలకి బొత్తాలు కుట్టి బతికినదాన్ని, ఆ పేరే నిలిచిపోయింది).
వయసు డెబ్బై ఒకటి.
ప్రస్తుతం కొడుకు, కోడలి దగ్గర, కంప్యూటర్ ఉన్న గదిలోనే నా మంచం.