పంకా విమానం

ఎనభై ఆరులో, వినాయకుడి పందిరికి మైకు కడుతూ ప్లాంటు కార్మికుడు బలరాం వెదురు మీంచి జారి పడ్డాడు. మెడ ఎముక విరిగింది. బొంబాయిలో ఆపరేషన్ చేస్తే బతుకుతాడనీ, దారిలో మాత్రం కుదుపు తగలకూడదనీ డాక్టరు రెండుసార్లు చెప్పాడు. విమానం తెప్పించే పని భిలాయి ఉక్కు ప్లాంటు రవాణా ఆఫీసరు గురుమూర్తి మీద పడింది.

అద్దెకు రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి జెట్టు. గంటన్నరలో బొంబాయి చేరుస్తుంది, కాని పొడుగాటి రన్‌వే లేనిదే దిగదు. దానికోసం రాయపూర్ వెళ్ళాలి. రెండోది టర్బోప్రాప్, రెక్కలకి పంకాలున్నది. ఇంచుమించు రెట్టింపు సేపు పడుతుంది, కాని భిలాయి పక్కనున్న పొట్టి రన్‌వే మీదే వాలగలదు. జెట్టు గాల్లో మిగిల్చిన కాలాన్ని రాయపూర్ రోడ్డు తినేస్తుంది. పైగా వానలకి ఆ రోడ్డంతా గుంతలు. గురుమూర్తికి ఇందులో ఆలోచించాల్సిందేమీ కనిపించలేదు. ఫోను మీద చెయ్యి వేశాడు.

అప్పుడు నరసింగరావు వచ్చాడు. బలరాంకి తోడల్లుడు, యూనియన్లో మాట చెల్లేవాడు. అతని వెనక వరండా నిండా సెక్టర్ 7 క్వార్టర్ల జనం.

"ఏ ఇమానం బాబూ?"

"టర్బోప్రాప్. రెక్కలకి పంకాలుంటాయి."

"ఎంకటేశ్వర్రావు గారికి గుండెపోటొస్తే జెట్టొచ్చింది. ఆఫీసరు గదా. మావోడికి పంకానా?"

"రెగ్యులేటర్ కూడా ఇస్తారేమో అడుగు భయ్యా," అన్నారెవరో వరండాలోంచి. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఆయన రాయపూర్ దాకా కార్లో కూర్చుని వెళ్ళాడు నరసింగరావ్. గుంతలు ఆయన్నేం చెయ్యవు. ఆ పంకాని తిప్పేదీ జెట్టులాంటి ఇంజనే."

"సదువుకున్నోరు. ఏదైనా సెప్పగలరు." నరసింగరావు గొంతు పెంచలేదు. "ఒక్క మాట. మీ తమ్ముడే అక్కడ పడుంటే పంకా దాన్లో ఎక్కిస్తారేటి?"

ఎక్కిస్తాను. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. అది నిజం కూడా. కాని ఇంటి గదుల నుంచి పెళ్ళి భోజనాల్లో వరస దాకా ఉద్యోగం గ్రేడుతోనే కొలుచుకునే ఊళ్ళో, విమానాన్ని మాత్రం రన్‌వేతో ఎవరు కొలుస్తారు? ఆ మాట అంటే తనూ అందరిలాంటి ఆఫీసరే అవుతాడు. వీళ్ళు తనని మనవాడు అనుకోవాలన్న ఆకలి గురుమూర్తికి ఎప్పటినుంచో ఉంది. దానికి న్యాయం అని పేరు పెట్టుకున్నాడు.

బలరాం భార్య కన్నమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. "పెద్దోళ్ళ ఇమానమే ఇప్పించండి బాబూ."

"జెట్టే తెప్పిస్తాను," అన్నాడు గురుమూర్తి.

అనగానే ఒళ్ళు తేలికైంది. ఆ తేలికదనం చూసి తనకే భయం వేసింది. అయినా ఫోను చేశాడు.

మర్నాడు పొద్దున అంబులెన్సు వెనక జీపులో తనూ వెళ్ళాడు. డ్రైవరు ఎంతో నెమ్మదిగానే నడిపాడు. కుమ్హారి దాటాక నీళ్ళు నిండిన గుంత ఒకటి రోడ్డులా కనిపించింది. అంబులెన్సు అందులో దిగి లేచింది, కొంత దూరం పోయి ఆగింది. డాక్టరు దిగి, వాన తుంపరలో నిలబడి, ఎవరి వైపూ చూడకుండా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

రాయపూర్‌లో దిగిన జెట్టు ఖాళీగా తిరిగిపోయింది.

పెద్దకర్మ రోజున గురుమూర్తి వెళ్తే కుర్చీ వేశారు. మిగతా అందరూ చాప మీద కూర్చున్నారు.

"మా రాత బాగోలేదు బాబూ," అంది కన్నమ్మ. "మీరు మాత్రం మమ్మల్ని తక్కువ సెయ్యలేదు."

"ఆఫీసర్లలో మనోడంటే మీరే," అన్నాడు నరసింగరావు.

ఆ మాట కోసం తను ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నాడో గురుమూర్తికి అప్పుడు తెలిసింది. పంకా విమానమే తెప్పించాల్సిందని చెప్పేద్దామని నోరు తెరిచాడు. చాప మీది ముఖాలన్నీ ఆదరంగా తనవైపే తిరిగాయి.

"కాసిని మంచినీళ్ళు," అన్నాడు.

లోపలి నుంచి, అందరికీ ఇచ్చే స్టీలు గ్లాసులో కాకుండా, వెతికి తీసిన గాజుగ్లాసులో తెచ్చి ఇచ్చారు.