విమానాశ్రయంలో మొదటి మాట

మా దీవి ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే చెమట కూడా పట్టదు. దానికి అంతర్జాతీయ విమానాశ్రయమట! ఎవరడిగారో తెలియదు. కొబ్బరి చెట్లు కొట్టేశారు, పాత మట్టి దారి మీద నున్నటి రన్‌వే పోశారు. తాగే నీటికి మేం వానకేసి చూసే చోట, గేటు ముందు ఫౌంటెన్ పెట్టారు.

భవనం కట్టిన విదేశీ ఇంజనీరు "మీ సంస్కృతిని గౌరవిస్తున్నాం" అంటూ దాన్ని అచ్చం మా మనేబా లాగే కట్టించాడు. మనేబా అంటే మా సభాశాల. అందులో ఏ వంశం ఏ స్తంభం దగ్గర కూర్చోవాలో తాతల నాడే తేలిపోయింది. సభలో మొదటి మాట మా వంశానిది, అంటే మా అన్నయ్య కబూనారేది. ఆయన నోరు విప్పందే ఎవరూ నోరు విప్పకూడదు. ఇంజనీరుకు కప్పు వాలు తెలిసింది గానీ ఈ సంగతి తెలియలేదు. సరిగ్గా మా అన్నయ్య చోటులో సామాన్లు తూచే యంత్రం తెచ్చి బిగించాడు.

ప్రారంభోత్సవం నాడు విమానం వచ్చి నిలబడి ఉంది. అందులో మా తాబెయా సముద్రం అవతలి సువా నగరంలో ఆసుపత్రికి వెళ్ళాలి. అది మా తమ్ముడి మనవరాలు, పెంచింది నేను. దాని గుండెలో చిల్లు. నాలుగడుగులు వేస్తే పెదాలు నీలమైపోతాయి. ఆపరేషన్ చేసే డాక్టర్లు సువాలో ఆ వారమే ఉంటారు, ఆ తర్వాత వాళ్ళ దేశం పోతారు. నర్సు తోడు వస్తానంది. కానీ మంత్రిగారు రిబ్బన్ కత్తిరించందే ఎవరూ రన్‌వే మీదికి పోకూడదట. చీకటి పడితే విమానం లేవదు. దీపాలు కొన్నారు, అవింకా పెట్టెల్లోనే ఉన్నాయి.

గుమ్మం దగ్గరే గొడవ మొదలైంది.

"పెద్దయ్యా, తమరికి ముందు వరసలో కుర్చీ వేయించాను" అన్నాడు మేనేజర్ ఇయోతెబా.

"కుర్చీ నీ నెత్తిన వేసుకో. మా తాత కూర్చున్న చోట నీ తక్కెడ కూర్చుంది" అన్నాడు అన్నయ్య.

"మీ తాతగారు ఇక్కడెప్పుడు కూర్చున్నారండీ? మొన్న కట్టిన భవనమిది!"

"మనేబా అని బోర్డు రాయించావా లేదా?"

"రాయించామనుకోండి..."

"అయితే నా చోటు నాకియ్యి."

యంత్రాన్ని కాంక్రీటులో దించేశారు, ఊడదు. అన్నయ్య లోపలికొచ్చి దాని ముందు చతికిలబడి నోరు బిగించాడు. అంతే, మిగతా ముసలాళ్ళంతా నోళ్ళు బిగించారు. మంత్రిదీ ఈ దీవే, అన్నయ్య కంటే ముందు నోరు విప్పడానికి ఆయనకూ దమ్ము చాలలేదు. వాచీ చూసుకుంటూ చెమటలు తుడుచుకున్నాడు. ప్రారంభోత్సవానికి వచ్చిన తెల్లవాళ్ళు ఇదేదో మౌన ప్రార్థన అనుకుని తలలు వంచారు. ఇంతమంది మగాళ్ళు ఒక తక్కెడ ముందు కూర్చున్న తీరు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

పిల్లను నర్సు ఒళ్ళో పెట్టి, వంగి వంగి అన్నయ్య వెనక్కి చేరాను. "ఒక్క ముక్క అను అన్నయ్యా. పొద్దు వాలిపోతోంది. పిల్ల చచ్చిపోతుంది" అన్నాను చెవిలో.

"నీకేం తెలుసే! ఇవాళ ఊరుకుంటే రేపు మన పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?"

"కూర్చోవడానికి ముందు పిల్లంటూ బతకాలిగా!"

తల తిప్పేసుకున్నాడు. అద్దాల అవతల నుంచి పైలట్ సూర్యుణ్ణి చూపించి, ఇంక వెళ్ళిపోతానని చేత్తో సైగ చేశాడు.

పెద్దలు కూర్చుని ఉండగా మనేబాలో ఎవరూ నిలువునా నడవరు. అంచు వెంట వంగి పోవాలి. నడిమధ్యన నిటారుగా నడిస్తే వాళ్ళ మొహాన ఉమ్మినట్టే. నాకదంతా తెలుసు. కానీ పిల్లను చంకనేసుకుని వంగితే దానికి ఊపిరాడదు. నర్సు దగ్గరికి వచ్చి పిల్లను ఎత్తుకున్నాను, లేచాను, నిటారుగా నడిమధ్యనే నడిచాను. తలుపుకు అడ్డంగా ఉన్న రిబ్బన్‌ను పొట్టతోనే తెంపాను. మంత్రిగారి కత్తెర పళ్ళెంలోనే ఉండిపోయింది. పాపం నర్సు మాత్రం ఒంగిపోయి నా వెనకే వచ్చింది.

ఇద్దర్నీ ఎక్కించి, విమానం లేచేదాకా చూసి లోపలికొచ్చాను. అన్నయ్య నిలబడ్డాడు. అంతర్జాతీయ విమానాశ్రయంలో మొదటి మాట పలికాడు.

"నా చెల్లెలు బోతికాకు ఇవాళ్టి నుంచి ఏ మనేబాలోనూ చోటు లేదు."

తెల్లవాళ్ళు హుషారుగా చప్పట్లు కొట్టారు. ఏమన్నాడని వాళ్ళలో ఒకడు అడిగితే, "స్వాగతం చెప్పారండీ" అన్నాడు ఇయోతెబా. వాడి తెలివికి దండం పెట్టాలి.

తాబెయా బతికింది. గుండెకు కుట్లు వేయించుకుని, ఎర్రటి పెదాలతో విమానం దిగివచ్చింది. ఊరి మనేబాలో విందు చేశారు, పందుల్ని కాల్చారు. మొదటి మాట యథాప్రకారం మా అన్నయ్యదే. పిల్లను పక్కన నిలబెట్టుకుని, ఆ రోజు మా వంశం ఎవరికీ జంకకుండా బిడ్డను విమానం ఎక్కించిందని గొంతెత్తి చెప్పాడు. అందరూ అవునవునన్నారు. నేను బయట ఇసుకలో కూర్చుని విన్నాను.