పింగాణీ గిన్నెలో పొడి

తెరుబలిలో ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు చదివే బడిలో సారమ్మ పద్దెనిమిదేళ్లుగా సైన్సు చెబుతోంది. పొడి ఉప్పులో తీగలు పెడితే బల్బు వెలగదని, ఉప్పునీళ్లలో పెడితే వెలుగుతుందని ఏటా చేసి చూపించేది. కరిగించిన ఉప్పులోనూ వెలుగుతుందని మాత్రం పుస్తకం చూసి చదివేది. ఉప్పు కరగాలంటే ఎనిమిది వందల డిగ్రీల వేడి కావాలి మరి.

జూన్‌లో విజయనగరం నుంచి కొత్త సైన్సు టీచరు రేచల్ వచ్చింది. తొమ్మిదో తరగతి ఆమెకిచ్చారు.

"సురేకారమూ ఒక ఉప్పే కదక్కా. స్టవ్ మీదే కరిగిపోద్ది. రేపు సూపిస్తాను, రండి," అంది.

ఇన్నేళ్లలో తనకెందుకు తట్టలేదు? సారమ్మకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్న ల్యాబులో ఎవరూ లేరు. రేచల్ ముందే పింగాణీ గిన్నెలో సురేకారం పొడి కొలిచి పెట్టి వెళ్లింది. సారమ్మ దాన్ని పారబోసి, పంచదార పొడి పోసింది.

క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది. రేచల్ స్టవ్ వెలిగించింది. పొడి కరిగి ఎర్రబడింది. బల్బు వెలగలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. సారమ్మ గుండె తేలికపడింది.

"టీచర్, పాకం వాసనొస్తంది. ఇది పంచదార కాదేటి?" అంది ముందు బెంచీలోని ధనశ్రీ.

రేచల్ చప్పున స్టవ్ ఆపేసి, వెనక బెంచీ వైపు చూసింది.

"అవునమ్మీ, పొడి మారిపోయింది. పంచదార కరిగినా కరెంటు పారదు. అందులో అయాన్లు లేవు. రాసుకోండి."

పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. ఓడిపోయి కూడా పాఠం చెప్పేసింది. సారమ్మకి ఒళ్లు మండిపోయింది.

గంట కొట్టాక రేచల్ ఆమె దగ్గరికొచ్చింది. "పంచదార పోసేముందు గిన్నె తుడిసేరా అక్కా?"

"ఏటి?"

"అడుగున సురేకారం మిగిలుంటే పంచదారతో కలిసి భగ్గుమనేది. ధనశ్రీ మూరెడు దూరంలో ఉంది."

సారమ్మ ముందు బెంచీ వైపు చూసింది.

"తుడవలేదు," అంది. "పిల్లలు నిన్నే సూస్తారనుకుంటే ఓర్సుకోలేకపోయేను."

మధ్యాహ్నం సారమ్మే హెడ్‌మాస్టరు దగ్గరికెళ్లి జరిగింది చెప్పింది. ల్యాబు తాళాలు రేచల్ చేతికి మారాయి.

వారం తర్వాత రేచల్ సారమ్మని మళ్లీ క్లాసుకి పిలిచింది. ఈసారి పొడి నీళ్లలా తేటగా కరిగింది, బల్బు వెలిగింది. ధనశ్రీ వెనక్కి తిరిగింది.

"టీచర్, మీరెప్పుడూ ఇది సూపించలేదేటి?"

"ఇలా సెయ్యొచ్చని నాకు తెలీదమ్మీ," అంది సారమ్మ. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు చాలా కష్టమైంది.